ఎవరి గది?

పరీక్ష కాగితంలో మొదటి ప్రశ్న:
గది ఉష్ణోగ్రత వద్ద అమ్మోనియా ఏ స్థితిలో ఉండును?
వాయువు, అని రాశాను.
రంగు లేదు. గాలికన్నా తేలిక. ఘాటు.
మూడు మార్కులకి మూడు ముక్కలు.

ఒరెస్ట్ ప్రొకోపిచ్ ఆ కాగితం అందుకుని
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
"ఎవరి గది?" అన్నాడు.

సస్కాచెవాన్‌లో, రైలు ఆగడం మానేసిన ఊరు మాది.
ఒక గోధుమల గోదాం, ఉల్లిపాయ గుమ్మటం ఉన్న చర్చి,
ఒక ఐస్ రింకు.
రింకు వెనక రేకుల గదిలో
ముప్పై ఏడేళ్ళుగా కంప్రెసర్‌కి కాపలా అతను.
కొత్తగా చేరిన శిష్యురాలిని నేను, రోండా మోస్టూస్‌ని.
"చలిని వండే పనికి కుదిరింది పిల్ల" అని
మా అమ్మమ్మ క్రీ భాషలో ఊరంతా చెప్పింది.

వంటే అది. మంట లేని వంట.
సున్నాకి ముప్పై మూడు డిగ్రీల దిగువనే
పాలు పొంగినట్టు పొంగుతుంది ఆ ద్రవం.
అరచేతి వెచ్చదనం చాలు, దానికదే పొయ్యి.
మరుగుతూ మరుగుతూ చుట్టూ ఉన్న వేడినంతా తాగేస్తుంది.
ఆ దాహానికే మా నీళ్ళు గడ్డకడతాయి,
ఆ గడ్డ మీదే మా పిల్లలు హాకీ ఆడి పళ్ళు రాలగొట్టుకుంటారు.

గదిలో దాన్ని ద్రవంగా కూర్చోబెట్టాలంటే
తొమ్మిదింతల గాలి బరువు నెత్తిన మోపాలి.
పట్టు సడలిందా, లేచి కప్పుకేసి పోతుంది.
"అది పైకి పోతుంది, నువ్వు కింద పాకు" అనేవాడు ఒరెస్ట్.
నీళ్ళంటే దానికి ప్రాణం.
ఒక చెంబు నీళ్ళు
ఏడొందల చెంబుల వాయువుని కడుపులో దాచుకుంటాయి.
అందుకే ముందు కళ్ళకేసి పరిగెత్తుతుంది,
ఆ తర్వాత గొంతుకి.
"ఏడ్చేవాణ్ణి ముందు పట్టుకుంటుంది, జాగ్రత్త."

జనవరిలో ఒక రాత్రి వాల్వు దగ్గర
ముక్కులో మేకు దిగినట్టయింది నాకు.
పిల్లి ఉచ్చ, జుట్టుకి రంగేసే కొట్టు, రెండూ కలిపి కొట్టినట్టు.
ఒరెస్ట్ అక్కడే నిలబడి
బీట్‌రూట్ పచ్చడి రొట్టె తింటున్నాడు, తాపీగా.

నాకు అర్థమైంది.
నాకు అర్థమైందని అతనికీ అర్థమైంది.

రొట్టె పక్కన పెట్టి, జేబులోంచి గంధకం వత్తి తీసి వెలిగించాడు.
పైపు వెంబడి, కీళ్ళ వెంబడి
పసిపిల్లకి దిష్టి తీసినట్టు తిప్పాడు.
ఒక నట్టు దగ్గర తెల్లటి పొగ పుట్టింది.
ఒంటికి రంగే లేనిది
అక్కడ ఒక్క జానెడు కనబడింది.

"స్టెఫానియా పోయిన చలికాలం జ్వరం తగిలింది.
జ్వరం తగ్గింది. ముక్కు తిరిగి రాలేదు.
తన దిండు వాసన కూడా."
నట్టు బిగిస్తూ అన్నాడు, నావైపు చూడకుండా.

ఆ రాత్రి రిజిస్టరులో రాశాను:
లీకు, వాసన ద్వారా గుర్తింపు. ఆర్.ఎం.
వసంతం దాకా అలాగే రాశాను.
తప్పో ఒప్పో, కమిటీ అడగలేదు.

ఫిబ్రవరి, మైనస్ నలభై రెండు.
కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కునే తెల్లవారుజాము.
మాస్కు పెట్టుకోమని సైగ చేసి,
నూనె కుండ అడుగు నుంచి ఒక గరిటెడు వంపి
ఇనప బకెట్లో బయట పెట్టాడు, మంచు మీద.
నేను రెండడుగులు వెనక్కి వేశాను, పొంగుతుందని.

పొంగలేదు.
బుడగ లేదు. చప్పుడు లేదు.
నీళ్ళలాగే, నీళ్ళకన్నా పలచగా,
బకెట్ అడుగున ఒక నక్షత్రాన్ని పెట్టుకుని
ఊరికే ఉంది.

"ఇదీ దాని గది" అన్నాడు మాస్కు లోంచి.
మాట బొంగురుగా వచ్చింది.
మనమే ఇక్కడ మరిగిపోతున్నవాళ్ళం అనిపించింది నాకు,
ముక్కు నుంచీ నోటి నుంచీ ఆవిర్లు కక్కుతూ.

పరీక్షలో మూడుకి మూడూ వచ్చాయి.
వత్తుల డబ్బా ఇప్పుడు నా జేబులో ఉంది.
నా ముక్కు బాగానే పనిచేస్తోంది.
అయినా రోజూ ఒకటి వెలిగిస్తాను.